బాధపడేందుకు అర్హత పరీక్ష

ముందే ఒక మాట చెప్పేస్తాను, తర్వాత నన్నెవరూ ఆడిపోసుకోవద్దు. మా బాలల మనశ్శాంతి కేంద్రంలో పిల్లల గోడు వినే దిక్కు లేదని ఊళ్లో ప్రచారం చేసేవాళ్లంతా అసూయాపరులు. దిక్కు ఉంది. ఆ దిక్కుకు ఏసీ గది ఉంది. గది తలుపు మీద సీతాకోకచిలుకల బొమ్మలున్నాయి. పిల్లలు కూర్చోడానికి ఏనుగు ఆకారంలో కుర్చీ ఉంది. లేనిదల్లా భాష ఒక్కటే. అది కూడా బొత్తిగా లేదనకూడదు. పిల్లల దగ్గర ఒకటుంది, కౌన్సెలర్ మేడం దగ్గర ఇంకోటుంది. రెండూ ఒకటి కాదు, అంతే.

ఇందులో మా తప్పేమీ లేదు. మా శాఖలో ఒక చక్కటి నియమం ఉంది. పోలీసు అధికారుల్ని సొంత ఊళ్లో వేయకూడదు అన్నట్టే, కౌన్సెలర్లను వాళ్లకు భాష తెలిసిన చోట వేయకూడదు. భాష తెలిస్తే చనువు పుడుతుంది, చనువు నుంచి జాలి పుడుతుంది, జాలి పుట్టిందా, నిష్పాక్షికత మట్టిగొట్టుకుపోతుంది. ఈ తర్కం నాది కాదు, మా సంచాలకులు విశ్వంభరరావుగారిది. నేను ఆయన కింద సూపరింటెండెంట్‌ని, పేరు సుదర్శనం. తర్కాలు పైనుంచి వస్తాయి, నేను వాటికి నంబరు వేస్తాను.

ఆ నియమం ప్రకారమే, లంబాడీ మాట్లాడే కౌన్సెలర్ ఒకామె శాఖలో చేరితే, ఆమెను ఏరికోరి తండా అన్నదే లేని జిల్లాకు పంపాం. అక్కడ ఆమె ఎంతో నిష్పాక్షికంగా ఉంటోందని విన్నాను. సగం తండాలే ఉన్న మా జిల్లాకు షర్మిష్ఠ మేడం వచ్చింది. రెండు రాష్ట్రాల అవతలి మనిషి. బాగా చదువుకుంది, మంచి మనసు, తెలుగు అక్షరం ముక్క రాదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని ఉన్నట్టు, గదీ కుర్చీ ఏనుగూ అన్నీ ఉండి ఆ ఒక్క చిక్కు వచ్చిపడింది. మా నాన్న తాగొచ్చి కొడుతున్నాడని ఒక పిల్లవాడు వెక్కివెక్కి చెబితే, మేడం ఆసాంతం ఓపిగ్గా విని, "వెరీ గుడ్" అని చాక్లెట్ ఇచ్చి పంపింది. ఆ పిల్లవాడి మేనమామ పైకి ఫిర్యాదు పెట్టాడు. లోకంలో కృతజ్ఞత లేదనడానికి ఇదే నిదర్శనం. చాక్లెట్ తిన్న సంగతి ఫిర్యాదులో ఎక్కడా లేదు.

ఫిర్యాదు చూసి విశ్వంభరరావుగారు నన్ను పిలిపించారు. ఆయన మాట్లాడితే ఎదురుగా మైకు ఉన్నట్టే ఉంటుంది, ఉన్నది నేనొక్కణ్నే అయినా.

"సుదర్శనం, భాషా అవరోధం అనేది ఇరుపక్షాలకు సంబంధించిన సమస్య. కావున తత్సంబంధిత భారాన్ని ఇరుపక్షాలకూ సమాన ప్రాతిపదికన పంపిణీ చేయడం జరుగుతుంది. కౌన్సెలర్ ఇరవై వాక్యాలు నేర్చుకుంటారు. బాలలు కూడా అవే ఇరవై వాక్యాలు నేర్చుకుంటారు. ఉభయులూ మధ్యదారిలో కలుసుకుంటారు."

"ఇరవై సరిపోతాయా సార్? పిల్లలకు ఇంకేవైనా బాధలుంటే..."

"ఉండవచ్చు. కానీ ఆమోదం పొందినవి ఇరవయ్యే."

పండితుల సంఘం ఒకటి వేశాం. వాళ్లు మూడుసార్లు భోజనం చేసి ఇరవై ఆమోదిత వాక్యాలు రాసిచ్చారు. చిన్న పుస్తకం. ఎడమ పేజీలో పిల్లవాడు చెప్పాల్సింది, కుడి పేజీలో మేడం చెప్పాల్సింది. మొదటి వాక్యం, "నేను గత కొంతకాలముగా ఒక మోస్తరు విషాదమునకు లోనగుచున్నాను." దానికి మేడం జవాబు, "విచారింపకుము. ప్రాతఃకాలమున వ్యాయామము చేయుము." ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ముద్రణ దోషం ఒక్కటి కూడా లేదు.

మేడం ఆ ఇరవై వాక్యాలూ, వాటి ఇరవై జవాబులూ పట్టుదలగా నేర్చుకుంది. అవి తప్ప తెలుగులో ఆమెకు మంచినీళ్లు అడగడం కూడా రాదు. ఇక పిల్లలు నేర్చుకోవడమే తరువాయి. నేర్చుకోకుండా వచ్చి మేడం విలువైన సమయాన్ని పాడు చేయకుండా విశ్వంభరరావుగారు ఉత్తర్వు తెచ్చారు. మౌఖిక పరీక్షలో ఆమోదిత వాక్యాన్ని తడబడకుండా చెప్పగలిగిన బాలలకే లోపలికి ప్రవేశం. చెప్పలేని వారికి బాధ ఉన్నట్టు రుజువు కానట్టే లెక్క.

ఉత్తర్వు వచ్చిన వారంలోనే సక్రీబాయి వచ్చింది. తండా నుంచి రెండు బస్సులు మారి, ఎనిమిదేళ్ల కూతురు చాందినిని వెంటబెట్టుకుని. మా ఆఫీసులో అడుగుపెట్టిన పిల్ల ఎవరైనా సరే తల్లి కొంగులో దూరుతుంది. ఈ పిల్ల తల్లికి బారెడు దూరంలో గోడకు ఆనుకుని నిలబడింది. తల్లి వైపు చూడదు. ఏనుగు కుర్చీ వైపు కూడా చూడలేదు.

"దీని తమ్ముడు పొయిండు సారూ" అంది సక్రీబాయి. "మూడేండ్లోడు. నేను పత్తి ఏర వోయిన. చేను పక్కన నీళ్ల కుంటల పడ్డడు. అప్పటిసంది ఇది నాతోని మాట్లాడ్తలేదు. నా మొకం జూస్తలేదు. అన్నం పెడితె రెండు బుక్కలు దిని లేస్తది."

"ఎవరితోనూ మాట్లాడదా?"

"మేకపిల్లతోని మాట్లాడ్తది, మా బాషల. నేను దగ్గరికి వోతె ఊకుంటది. దీని కడుపుల ఏందో ఉన్నది సారూ. నాకు చెప్ప బయపడుతున్నది. ఎవలన్న బయటోళ్లు, మా బాష వచ్చినోళ్లు దగ్గర కూసొబెట్టుకొని అడిగితె చెప్తదేమో అని తీసుకొచ్చిన."

"బడికి వెళ్తుందిగా. తెలుగు రాదా?"

"మంచిగ వచ్చు. పద్యాలు గూడ చెప్పేది. తమ్ముడు పొయినకాంచి ఆ మాట నోట్లెకు వస్తలేదు దానికి." ఆమె గొంతు తగ్గించింది. "మా బాష వచ్చిన మేడం ఒకామె సర్కారు నౌకరీల ఉన్నదన్నరు సారూ."

"ఉందమ్మా. ఆమెకు మీ భాష వచ్చు కాబట్టే ఇక్కడ ఉండడానికి వీల్లేదు."

సక్రీబాయి నా మొహంలోకి చాలాసేపు చూసింది. నేను హాస్యమాడుతున్నానేమో అనుకున్నట్టుంది. ఆఫీసు వేళల్లో నేను హాస్యమాడను.

"గట్లనా" అంది చివరికి.

పరీక్ష సంగతి వివరించాను. పాసైతే లోపలికి పంపుతరా అని అడిగింది. తప్పకుండా అన్నాను. పుస్తకం ఇచ్చాను. చదువు రాని మనిషి ఆ పుస్తకాన్ని రెండు చేతులతో తీసుకుని కళ్లకు అద్దుకుంది. దేవుడి ప్రసాదం తీసుకున్నట్టు తీసుకుంది, నాకే కొంచెం ఇబ్బందిగా అనిపించింది.

పరీక్ష రోజు చాందిని బల్ల ముందు నిలబడి నోరు విప్పలేదు. పరీక్షాధికారి రెండుసార్లు గంట కొట్టి సున్నా వేశాడు. నిశ్శబ్దం ఆమోదిత భాషల జాబితాలో లేదని నేను సక్రీబాయికి అర్థమయ్యేలా చెప్పాను. మళ్లీ ఎప్పుడు పెడతరు అని అడిగి, కూతుర్ని తీసుకుని వెళ్లిపోయింది. పిల్ల ఈసారీ బారెడు దూరంలోనే నడిచింది.

పరీక్ష అంటూ ఒకటి పుట్టాక మన దగ్గర కోచింగ్ పుట్టకుండా ఉంటుందా. గురుకులం సీట్లకు కోచింగ్ ఇచ్చే నరహరి సార్ పదిహేను రోజుల్లో కొత్త షెడ్డు వేశాడు. మనోవేదన లాంగ్ టర్మ్, మనోవేదన క్రాష్ కోర్సు, ఆదివారం గ్రాండ్ టెస్ట్. ఇరవై వాక్యాలకు రెండొందల పేజీల బిట్ బ్యాంకు వేశాడు. నేను ఒకసారి తనిఖీకి వెళ్తే షెడ్డులో ఎనభై మంది పిల్లలు చేతులు కట్టుకుని, "నేను తీవ్ర నైరాశ్యమునకు లోనగుచున్నాను" అని ఒకే గొంతుతో అరుస్తున్నారు.

"గట్టిగ. వెనక బెంచీకి నైరాశ్యం వినపడ్తలేదు" అంటున్నాడు నరహరి సార్. నన్ను చూసి దగ్గరికొచ్చాడు. "కీవర్డ్స్ మీద ఫోకస్ పెడుతున్నం సార్. లోనగు, చెందు, అనుభవించు. ఈ మూడు పట్టుకుంటే ఏ బాధైనా సగం మార్కులు గ్యారంటీ."

అడ్మిషన్ల గదిలో ఒక తండ్రి కూర్చుని ఉన్నాడు. పక్కన బొద్దుగా, హాయిగా, జంతికలు నములుతున్న కొడుకు. వాడికేం బాధ అని అడిగాను.

"ఇప్పుడైతే ఏం లేదు సార్" అన్నాడు తండ్రి. "కాని ఇంటర్‌ల రాకుండ పోతదా. ఇప్పటినుంచే ఫౌండేషన్ వేస్తె అప్పటికి గట్టిగ ఉంటది కదా."

నాకు ముచ్చటేసింది. తల్లిదండ్రులంటే ఇలా ఉండాలి.

ఫలితాలు వచ్చాయి. నరహరి సార్ ఆటోకు మైకు కట్టి ఊరంతా తిప్పాడు. ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఐదు, అన్ని ర్యాంకులూ మావే. బస్టాండ్ దగ్గర హోర్డింగు లేచింది. అందులో జిల్లా ఫస్టు వచ్చిన జంతికల పిల్లవాడు దండ వేసుకుని నవ్వుతున్నాడు, కింద పెద్దక్షరాలతో "నైరాశ్యంలో నంబర్ వన్" అని. వాడి తాతగారు అందరికీ మిఠాయిలు పంచారు.

పాసైన వాళ్లంతా వరసగా షర్మిష్ఠ మేడం గదిలోకి వెళ్లారు. వాక్యం చెప్పారు, జవాబు విన్నారు, నమస్కారం పెట్టి బయటికి వచ్చి గోళీలాడుకున్నారు. మొదటి భేటీలోనే నూటికి నూరు మంది కోలుకున్నారు. ఇలాంటి రికార్డు మరే జిల్లాలోనూ లేదు. సంఖ్యలు చూసి విశ్వంభరరావుగారి కళ్లు చెమర్చాయి.

కానీ పై కార్యాలయం వాళ్లకు ఎప్పుడూ ఏదో ఒక పుల్ల వేయందే నిద్ర పట్టదు. "సదరు లబ్ధిదారులలో తండాల బాలలు ఎందరు?" అని అడిగారు. ఒక్కరూ లేరు. భాషా అవరోధం తొలగించడానికి పెట్టిన పథకంలో, అవరోధం ఉన్న పిల్ల ఒక్కతైనా లేకపోతే బాగుండదన్నమాట.

"సుదర్శనం, తక్షణమే ఒక గిరిజన బాలికను ఉత్తీర్ణురాలిని చేయవలసి ఉన్నది. వార్షికోత్సవం నాటికి వేదిక మీద ఉండాలి" అన్నారు విశ్వంభరరావుగారు.

నాకు చాందిని గుర్తొచ్చింది. కబురు పంపితే సక్రీబాయి మరుసటి రోజే వచ్చింది. పరీక్ష మళ్లీ పెడుతున్నామనీ, కోచింగ్ ఉచితమనీ చెబితే ఆమె నా కాళ్లకు దండం పెట్టబోయింది. హోర్డింగు మీద పిల్ల ఫొటో వేసుకునే షరతు మీద నరహరి సార్ ఒప్పుకున్నాడు. తల్లీకూతుళ్లిద్దరికీ షెడ్డు పక్కనే ఒక రేకుల గది ఇచ్చాడు. సక్రీబాయి ఆ షెడ్డులో పిల్లలకు వంటపని చేయడానికి కుదిరింది.

ఇరవై వాక్యాల్లో ఏది నేర్పాలన్నది నరహరి సార్‌కు పెద్ద ప్రశ్న అయింది. చనిపోవడం గురించి పుస్తకంలో ఏమీ లేదు. పండితుల సంఘం ఆ విషయం చర్చించిందట, పిల్లల పుస్తకంలో అమంగళం ఎందుకని తీసేసిందట. తుదకు నరహరి సార్ తొమ్మిదో వాక్యం దగ్గర వేలు పెట్టాడు.

"ఇదే సార్, కరెక్టు. తమ్ముడి కేసు కదా. ఇందులనే సోదరుడు ఉన్నడు."

తొమ్మిదో వాక్యం ఇది. "నా సోదరుడు నాకంటె అధిక మార్కులు పొందుచున్నందున నేను మనస్తాపము చెందుచున్నాను."

"ఆ పిల్లవాడికి మూడేళ్లే నరహరిగారూ. మార్కులు ఎక్కడివి?"

"అర్థం జూడొద్దు సార్. అర్థం జూస్తే ఏ పిల్లగాడు పాస్ కాడు."

నిజమే. నేనూ డిగ్రీ అలాగే పాసయ్యాను.

ఎలా నేర్పాడో ఏమో నాకు తెలియదు. పొద్దున్నా సాయంత్రం పిల్లను నిలబెట్టి ఒక్కో ముక్కా పలికించాడు. మొదట పెదవులు కదిలాయి, తర్వాత గొంతు వచ్చింది. తమ్ముడు పోయిన నాలుగు నెలలకు మొదటిసారి మనుషుల ముందు నోరు విప్పింది, ఆ విప్పింది "మనస్తాపము" అనడానికి. సక్రీబాయి వంటగది గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి వింది. ఆ మాటకు అర్థం ఆమెకు తెలియదు. కూతురు గొంతు వినపడిందని కళ్లు తుడుచుకుంది.

చాందిని పాసైంది. మేడం గదికి వెళ్లే రోజు నేనూ ఒక మూల కూర్చున్నాను. వాక్యం ఆమోదితమో కాదో చూసి సంతకం పెట్టాల్సింది నేనే.

పిల్ల ఏనుగు కుర్చీలో కూర్చోలేదు. నిలబడే చెప్పింది. ఒక్క అక్షరం పొల్లు పోలేదు. షర్మిష్ఠ మేడం మొహం విప్పారింది. ఆమె పాపం నిజంగానే పిల్ల చేయి పట్టుకుని, ఎంతో ప్రేమగా, కుడి పేజీలో ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"సోదరునితో పోల్చుకొనుట తగదు. ఇంటికి వెళ్లి అతనితో కలిసి ఆడుకొనుము. నీ బాధ తొలగిపోవును."

బడికెళ్లిన పిల్ల కదా. ఇంటికి వెళ్లడం, ఆడుకోవడం, ఆ రెండూ అర్థమైనట్టున్నాయి. చాందిని తల ఎత్తింది. మేడం కళ్లలోకి చూస్తూ తన భాషలో ఏదో అడిగింది. చిన్న ప్రశ్న, మూడు నాలుగు మాటలు. మేడం నా వైపు చూసింది. నేను పుస్తకం వైపు చూశాను. అందులో అలాంటిదేమీ లేదు. మేడం పిల్ల తల నిమిరి, మళ్లీ మొదట్నుంచి, ఇంకా ప్రేమగా, "ఇంటికి వెళ్లి అతనితో కలిసి ఆడుకొనుము" అంది. పిల్ల ఇంకేం అడగలేదు. కాగితం మీద "కోలుకున్నది" అని రాసి ఉంది. కింద సంతకం పెట్టాను. ఆ పూట నాకు అన్నం సయించలేదు, ఎండ వల్ల కావచ్చు.

వార్షికోత్సవం ఘనంగా జరిగింది. షామియానా, పూల కుండీలు, జ్యోతి ప్రజ్వలన, శాలువాలు. వేదిక వెనక బ్యానరు మీద "భాషా అవరోధ రహిత జిల్లా" అని రాయించాం. ముందు వరసల్లో ర్యాంకుల పిల్లలూ వాళ్ల తల్లిదండ్రులూ. చివరి వరసలో తండా నుంచి వచ్చిన నలుగురైదుగురు ఆడవాళ్ల మధ్య సక్రీబాయి. విశ్వంభరరావుగారు ముప్పావుగంట మాట్లాడాక చాందినిని పిలిచారు. కొత్త గౌను, రెండు జడలు. మైకు కిందికి వంచాం. తొమ్మిదో వాక్యం గంట కొట్టినట్టు చెప్పింది. చప్పట్లు మోగాయి.

విశ్వంభరరావుగారు ఉప్పొంగిపోయారు. పిల్ల భుజం మీద చేయి వేసి, ఫొటోగ్రాఫర్ వైపు తిరిగి, మైకులో అన్నారు.

"చూశారా. నాడు నోరు విప్పని బాలిక నేడు అనర్గళంగా పలుకుతోంది. ఇంకా ఏమైనా చెప్పాలని ఉందా తల్లీ? చెప్పు. మేమందరం వింటాం."

మర్యాదకు అనే మాట అది. ఎవరైనా లేదు సార్, థాంక్యూ సార్ అని దిగిపోతారు. పిల్లకు మా మర్యాదలు తెలియవు. అందరం వింటామన్నారు కదా అనుకున్నట్టుంది. జనాన్ని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసింది. తర్వాత మైకు పట్టుకుని తన భాషలో మొదలుపెట్టింది.

మొదట మెల్లగా. తర్వాత ఆగకుండా. "యాడీ" అన్న మాట ఒక్కటే నాకు తెలుసు, అమ్మా అని. అది మాటిమాటికీ వినపడింది. ఒకచోట ఏదో మాట దగ్గర ఆగిపోయింది, గుటక వేసింది, ఆ మాటే మళ్లీ అంది, మళ్లీ అంది. ముందు వరసల వాళ్లు, తండా పిల్ల మాతృభాషలో వందన సమర్పణ చేస్తోందనుకున్నారు. చిరునవ్వులు చిందించారు. చివరి వరసలో ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. సక్రీబాయి కుర్చీలు తోసుకుంటూ ముందుకు నడిచింది. శాలువా కోసం వస్తోందనుకుని ఫొటోగ్రాఫర్ పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

ఆమె వేదిక ఎక్కి, పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో దాని మొహం పట్టుకుని తమ భాషలోనే ఏదో చెప్పింది. రెండే రెండు ముక్కలు. పిల్ల తల్లి మొహంలోకి చూసింది. ఆ తర్వాత మెడను కావలించుకుని ఏడ్చిన ఏడుపు మైకులో షామియానా అంతా వినపడింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తల్లీబిడ్డల ఆనందబాష్పాలు చూసి విశ్వంభరరావుగారు కూడా కళ్లద్దాలు తుడుచుకున్నారు.

కార్యక్రమం అయ్యాక నేను మంచినీళ్లు తీసుకెళ్లాను. వేదిక వెనక మెట్ల మీద తల్లి ఒడిలో పిల్ల నిద్రపోతోంది. ఊరికే వెళ్లలేదు, నివేదికలో రాయడానికి సారాంశం కావాలి నాకు.

"ఏం చెప్పిందమ్మా?"

సక్రీబాయి నీళ్లు తాగి, కొంగుతో పిల్ల మొహం తుడిచింది.

"ఆ దినం నేను పత్తికి వోతూ దీనికి సెల్లు ఇచ్చిన సారూ, తమ్మున్ని జూసుకుంట బొమ్మలు జూడుమని. ఇది బొమ్మలు జూస్తుంటె పిలగాడు వచ్చి అక్కా దా అన్నడట. ఆగు అన్నదట. ఇంకోపారి పిలిచిండట. ఆగు అన్నదట. మల్ల పిల్వలేదట." ఆమె పిల్లను ఇంకాస్త దగ్గరికి తీసుకుంది. "గంతే సారూ. ఆ ఆగు అన్న మాట ఇన్ని దినాలు కడుపుల వెట్టుకొని తిరిగింది. తమ్మున్ని నేనే సంపిన, యాడీ నన్ను కొట్టు అంటున్నది."

ఖాళీ గ్లాసు అందుకున్నాను. మీరేం చెప్పారు అని అడిగాను.

"సెల్లు ఇచ్చింది నేను బిడ్డా అన్న. నీ మీద పోరన్ని ఇడిసిపెట్టి పొయింది నేను అన్న." ఆమె పిల్ల జుట్టు సవరించింది. "మొన్న నీ మేడం దగ్గర గూడ అడిగిందట సారూ, ఏడికి వోయి ఆడుకోవాలె అని. కుంటలకా అని."

నేను నివేదిక కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. పిల్లను భుజాన వేసుకుని ఆమె లేచింది. పిల్ల చేయి తల్లి జాకెట్టును గట్టిగా పట్టుకుని ఉంది, నిద్రలో కూడా.

"ఇగ పోతం సారూ. నాలుగింటి బస్సున్నది."

వాళ్లు గేటు దాటారో లేదో విశ్వంభరరావుగారు నన్ను కార్యాలయం గదిలోకి పిలిచారు. పక్కన నరహరి సార్ ఉన్నాడు. ఇద్దరి మొహాలూ వెలిగిపోతున్నాయి.

"సుదర్శనం, ఆ బాలిక చివర్న పలికినదేమిటి? ప్రేక్షకుల స్పందన గమనించావా? నా సర్వీసులో అటువంటి కరతాళధ్వనులు చూడలేదు. దానిని యథాతథంగా ఇరవై ఒకటో వాక్యంగా ఆమోదించదలిచాం. తర్జుమా సిద్ధం చెయ్."

"నెక్స్ట్ బ్యాచ్ నుంచే మొదలుపెడతా సార్" అన్నాడు నరహరి సార్. "ఏడుపు గూడ ప్రాక్టీసు చేయిస్తా. ఎక్స్‌ప్రెషన్‌కు సెపరేట్‌గా ఐదు మార్కులు పెట్టున్రి. అన్ని ర్యాంకులూ మనకే."

షెడ్డులో ఎనభై మంది పిల్లలు చేతులు కట్టుకుని నిలబడి, ఒకే గొంతుతో, తమ్ముణ్ని నేనే చంపాను అని అరవడం నా చెవుల్లో వినిపించింది. వెనక బెంచీకి వినపడ్తలేదు, గట్టిగ అంటున్న నరహరి సార్ గొంతు కూడా వినిపించింది.

"తెలియదు సార్" అన్నాను.

"అదేమిటి? తల్లితో మాట్లాడుతూ కనిపించావే."

"మాట్లాడాను సార్. ఆమె వాళ్ల భాషలో చెప్పింది. నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు."

"ఆమెకు తెలుగు వచ్చు కదా సార్, నా దగ్గర వంట చేసింది" అన్నాడు నరహరి సార్, లేవబోతూ. "గేటు దాక పొయి ఉండరు. నేను పిలుసుకొస్త."

గదికి ఉన్నది ఒక్కటే తలుపు. నేను వెళ్లి దానికి అడ్డంగా నిలబడ్డాను. నాది కొంచెం భారీ శరీరం.

"వెళ్లిపోయారు సార్. బస్సెక్కేశారు" అన్నాను. నా వెనక, రోడ్డు మీద, వాళ్లు ఇంకా బస్సు కోసం నిలబడే ఉన్నారు.

విశ్వంభరరావుగారు కుర్చీలో వెనక్కి వాలి సుదీర్ఘంగా నిట్టూర్చారు.

"చూశావా సుదర్శనం. భాషా అవరోధం వల్ల ఎంతటి అమూల్యమైన సమాచారం కోల్పోతున్నామో."

"అవును సార్, చాలా నష్టం" అన్నాను, బస్సు వచ్చి, ఆగి, మళ్లీ కదిలిన చప్పుడు వినపడేదాకా తలుపు దగ్గర్నుంచి కదలకుండా.